ఎర్రచుక్క తాళం

ఆ ఇంటి తలుపుకి వేలాడుతున్న తాళం మాది.

ఆటో దిగుతూనే చూశాను. ఇత్తడి తాళం, అడుగున గోరంత ఎర్ర పెయింటు చుక్క. విజయవాడ వన్ టౌన్‌లో మా గోడౌను వరసలో అందరివీ ఇలాంటి తాళాలే. మాది ఇంకెవరైనా తీసేస్తారేమోనన్న భయంతో ఆ చుక్క నేనే పెట్టాను. ఆ తాళం ఎక్కడో పోయిందని, కొత్తది కొన్నానని మా అబ్బాయి శంకర్ మొన్నీమధ్యే చెప్పాడు. పోయిన తాళం ఇప్పుడు మంగళగిరిలో, రేపు మేం రిజిస్ట్రేషన్ చేయించుకోబోయే ఇంటి తలుపుకి ఉంది.

నా పక్కనే ఉన్న ఆస్మాకి ఆ మాట చెప్పాలి. చెప్పలేదు.

ఆస్మాని పిలిపించుకున్నది నేనే. చాలాకాలం ఒక ప్లీడరు దగ్గర పనిచేసి, ఇప్పుడు ఇల్లు కొనేవాళ్ల తరఫున ముందుగా విచారణ చేసిపెడుతోంది. ఇంటి కాగితాలు చూడటానికి వేరే వాళ్లున్నారు. కాగితాల మీద ఉండనివి చూడటం ఆమె పని. అందరూ డిటెక్టివ్ ఆస్మా అంటారు, సగం వేళాకోళంగా, సగం నిజంగా. ఇల్లు కొనడానికి డిటెక్టివ్ ఎందుకని మా ఆయన రత్తయ్యగారు నవ్వారు. ఆయనకేం, నిద్ర పడుతుంది. నాకు పట్టదు. మా అక్క అద్దెకున్న మనుషులతో సహా ఒక ఇల్లు కొంది. వాళ్లు ఖాళీ చేయలేదు. కోర్టు చుట్టూ తిరిగి తిరిగి, సొంత ఇంట్లో ఒక్క పూట కూడా కాపురం చేయకుండా అద్దింట్లోనే పోయింది. అందుకే ఈ ఇల్లు చూసిన రోజు నుంచీ నాది ఒకటే మాట: ఖాళీగా ఉంటేనే రిజిస్ట్రేషన్. ఇల్లు అమ్మే జక్కయ్యతో ఒకసారి అన్నాను. మా ఆయనతో చాలాసార్లు అన్నాను. శంకర్‌కి అన్నం వడ్డించిన ప్రతిసారీ అన్నాను.

ఆ ఇంట్లో అద్దెకున్నది సంపూర్ణమ్మ అనే ముసలామె. ముందుగదిలో గుంట మగ్గం వేసుకుని ఒక్కతే నేసుకునేది. మేం ఇల్లు చూడటానికి వెళ్లినప్పుడు ఆమె ఒక కంటికి గుడ్డ కట్టుకుని ఉంది. ఉచిత శిబిరంలో శుక్లం ఆపరేషన్ అయిందట. తడుముకుంటూ వెళ్లి కుండలోంచి నీళ్లు తెచ్చి ఇచ్చింది. ఆ నీళ్లు తాగుతూ, మగ్గం గుంట పూడిస్తే అక్కడ మా మంచం పడుతుందా లేదా అని చూశాను.

ఇప్పుడు ఆమె లేదు. ఖాళీ చేసి వెళ్లిపోయిందని జక్కయ్య కబురు పెట్టాడు. మా ఆయన స్వీట్లు తెచ్చారు. నాకు మాత్రం ఆ కబురు గొంతు దిగలేదు. చూపు సరిగా ఆనని మనిషి అంత తేలిగ్గా ఎక్కడికి వెళ్తుంది? వెళ్లినట్టే వెళ్లి రేపు తిరిగొచ్చి గుమ్మంలో కూర్చుంటే? ఆమెకేమైనా అయితే ఆ ఉసురు ఎవరికి తగులుతుంది? ఈ రెండు భయాల్లో ఏది పెద్దదో నాకే తెలియలేదు. అందుకే ఆస్మా దగ్గరికి వెళ్లాను.

ఆటోలో వస్తున్నప్పుడు ఆస్మా తన పద్ధతి చెప్పింది. ఇల్లు ఎవరిది, ఇంట్లో ఎవరున్నారు, తాళం ఎవరిది. ఈ మూడింటికీ జవాబు ఒకేలా ఉంటే నిశ్చింతగా కొనుక్కోవచ్చట. తేడా వస్తే ఆగాలట. తర్వాత మా ఇంటి సంగతులు అడిగింది. శంకర్ గురించి చెప్పాను. గోడౌన్లో మూటలు మోసే మనిషికి కడుపులో పుండు పడిందని, వాడే ఇంటి నుంచి క్యారియర్ పట్టుకెళ్తున్నాడని, అన్నం జావలా, పప్పు వెన్నలా, కారం లేకుండా చేసి పెట్టమన్నాడని గొప్పగా చెప్పుకున్నాను. ఈ రోజుల్లో ఎవరు చేస్తారమ్మా అన్నాను. ఆస్మా తలూపింది.

ఇప్పుడు తాళం ముందు నిలబడి ఆమె మూడో ప్రశ్న అడుగుతోంది. జవాబు నా నడుముకి వేలాడే తాళంచెవుల గుత్తిలో ఉంది. ఆ తాళానికి రెండు చెవులు. ఒకటి ఇంకా నా దగ్గరే ఉంది.

గుమ్మం దగ్గర మాకోసం కాచుకుని ఉన్న జక్కయ్య రెండో చెవి జేబులోంచి తీసి తలుపు తెరిచాడు. యాభై దాటిన మనిషి, నూలు వ్యాపారం. చెమట పట్టకపోయినా కండువాతో మెడ తుడుచుకుంటూ ఉంటాడు.

"ఈ తాళం మీదేనాండీ?" అంది ఆస్మా.

"మాదేనండీ. పాతదే."

నా వైపు చూడకుండా చెప్పాడు. అది ఎవరిదో అతనికి తెలుసు. అబద్ధమని నాకు తెలుసు. నోరు మెదపకుండా నేను కూడా ఆ అబద్ధంలో ఒక చెయ్యి వేశాను.

ఆస్మా గుమ్మంలోనే నిలబెట్టి అతన్ని ప్రశ్నలు అడిగింది. సంపూర్ణమ్మ సోమవారం మధ్యాహ్నం వెళ్లిందన్నాడు. కూచిపూడిలో మేనకోడలు ఉందని, కళ్లు బాగయ్యేదాకా అక్కడే ఉంటానందని, తనే బస్సెక్కించానని చెప్పాడు. మేనకోడలి పేరు అడిగితే గుర్తులేదన్నాడు. సామానేం పట్టుకెళ్లిందని అడిగితే ఒక రేకు పెట్టె, ఒక సంచి అన్నాడు. మరి మగ్గం? అమ్మేయమందట, కర్రలు ఎవరో పట్టుకెళ్లారట. ఇంత అడుగుతున్నారేంటండీ, ఖాళీ కావాలన్నారు, ఖాళీ అయింది కదా అంటూ నా వైపు తిరిగి, "చెప్పండి చెల్లెమ్మా, మీరేగా అడిగింది" అన్నాడు.

అవును, నేనే అడిగాను.

లోపలికి వెళ్లాం. ముందుగదిలో మగ్గం లేదు. గుంట ఉన్న చోట నలుచదరంగా కొత్త సిమెంటు. చుట్టూ పాత నేల తెల్లగా ఎండిపోయి ఉంటే, అది ఇంకా తడితో నల్లగా ఉంది. ఆస్మా మోకాళ్ల మీద కూర్చుని అరచెయ్యి ఆనించింది.  తల ఎత్తి జక్కయ్యని చూసింది, అంతే.

 గోడకి ఆనుకుని కూలబడ్డాను. నలుచదరం గుంట, మనిషి నడుం లోతు. ఆ తల్లి ఇందులోనే ఉందనుకున్నాను. ఆ తాళం మా వాడిదనీ అనుకున్నాను. ఈ రెండిటినీ పక్కపక్కన పెట్టకూడదని కళ్లు మూసుకున్నాను.

"గడ్డపార కావాలి" అంది ఆస్మా.

జక్కయ్య ససేమిరా అన్నాడు. సరిగ్గా అప్పుడే బయట స్కూటర్ ఆగింది. వచ్చింది అబ్రహాము. మాకు ఇంటి లోను ఇస్తున్న బ్యాంకు తరఫున ఇళ్లు చూసి రిపోర్టు రాసేది అతనే. ఒకప్పుడు ఆస్మాతో కలిసి ఆ ప్లీడరు దగ్గరే పనిచేశాడు. మెడలో కెమెరా, ఇస్త్రీ నలగని చొక్కా. నేల బాగుచేశాక ఇంకో ఫొటో కావాలని మేనేజరు అడిగారట. ఆస్మాని చూడగానే అతని మొహం మాడింది.

"మొన్నటి ఫైలు చెడగొట్టారు. ఇది కూడా చెడగొడతారా మేడమ్?"

"ఫైలు బాగుంటే నేనేం చెడగొట్టగలను అబ్రహాము గారూ. మీరు గోడలకి ఫొటోలు తీసి వెళ్లిపోతారు. నేను మనుషుల్ని అడుగుతాను."

"మనుషుల్ని అడిగితే ఇల్లు కొనేవాడే ఉండడు. ప్రతి ఇంట్లో ఏదో ఒకటి ఉంటుంది."

"అందుకేగా అడగాల్సింది."

రేపు రిజిస్ట్రేషన్ పెట్టుకుని నేల తవ్వుతామంటే బ్యాంకుకి రాస్తానని, లోను ఆగిపోతుందని అతను బెదిరించాడు. లోను ఆగితే ఇచ్చిన అడ్వాన్సు పోతుంది. మా ఆయన ఆ అడ్వాన్సు కోసం షాపులో సరుకు తగ్గించేశారు. ఆస్మా వాదిస్తూనే నా వైపు చూసింది. నిర్ణయం నాదన్నమాట. గోడ పట్టుకుని లేచాను.

"తవ్వించండి. నా ఇంటి నేలే కదా."

"ఇంకా మీది కాలేదండీ" అన్నాడు అబ్రహాము. అది నిజమే. కానీ అతనే వెళ్లి పక్కింటి నుంచి గడ్డపారా, పారా తెచ్చాడు. ఏమీ లేదని తేలితే ఆస్మా పరువు పోతుందని కాబోలు.

కొత్త సిమెంటు సులువుగానే పగిలింది. కింద ఇసుక. అబ్రహాము చొక్కా చేతులు మడిచి తనే తోడాడు. ప్రతి పారకీ నేను కళ్లు మూసుకుని తెరుస్తున్నాను. చివరికి అడుగున మగ్గం తొక్కుడు చెక్కలు రెండు కనిపించాయి, అరిగి పాదం ఆకారంలో గుంటలు పడ్డవి. ఇంకేమీ లేదు. గుంట అడుగున గట్టినేల తగిలింది.

అబ్రహాము చేతులు దులుపుకున్నాడు. "అయిందా మేడమ్? నేల బాగుచేయించే ఖర్చు ఎవరు పెట్టుకుంటారు?"

ఆస్మా మొహం ఎర్రబడింది. జక్కయ్య కండువాతో మెడ తుడుచుకుని, ఇక వెళ్దామా అన్నాడు. అక్కడితో అయిపోయేది. నాకు కూడా అయిపోతే బాగుండనిపించింది. శవం లేదు. తాళం సంగతి ఎవరికీ తెలియదు. రేపు సంతకాలు. ఎల్లుండి పాలు పొంగించుకోవచ్చు.

కానీ మంచినీళ్ల కోసం వంటింట్లోకి వెళ్లినదాన్ని, అలవాటు కొద్దీ అటక మీదికి చూశాను. నేత ఇళ్లలో పుట్టినవాళ్లు అటక చూడకుండా ఉండలేరు. మాది పెడన. మా అమ్మ మగ్గం పక్కనే నన్ను కన్నది. అటక మీద పాత చీరలో చుట్టిన పొడుగాటి కట్ట ఉంది. దించి విప్పాను. అచ్చు. పడుగు పోగులు ఒక్కొక్కటే దూర్చి ఉండే మగ్గం చట్రం అది. దానికి పాత పడుగు కొసలు జానెడు పొడుగున అలాగే ఉన్నాయి, చిక్కుపడకుండా గుప్పెళ్లు గుప్పెళ్లుగా ముడివేసి. కొత్త పడుగు వచ్చినప్పుడు ఆ కొసలకే ఒక్కో పోగూ అతుకుతారు. ఆ కొసలు పోతే మళ్లీ మొదటి నుంచి వేలకొద్దీ పోగులు దూర్చుకోవాలి. చూపు తగ్గిన ముసలామెకి అది అయ్యే పనా? నేసే మనిషి ఊరు మారితే బిందెలు వదులుతుంది, మంచం వదులుతుంది, అచ్చు మాత్రం భుజాన వేసుకుని వెళ్తుంది. మా అమ్మ కూడా అలాగే వచ్చింది.

ఆమె మళ్లీ ఇక్కడే నేయాలనుకుంది. కన్ను బాగయ్యేదాకా దాచుకుంది. తన ఇష్టంతో వెళ్లలేదు.

కట్టని మళ్లీ చుట్టి అటక మీద పెట్టేయొచ్చు. చేతులు చుట్టడం మొదలుపెట్టాయి కూడా. ముడుల్లో ఒకటి వదులుగా ఉంది. ఆనని కంటితో వేసిన ముడి. అది చూశాక ఇంక నావల్ల కాలేదు. "ఆస్మా, ఇటు రామ్మా" అని పిలిచాను.

సంగతి చెప్పాను. ఆమె ఒక్క నిమిషం అచ్చునే చూసి, వంటింటి గూళ్లన్నీ వెతకడం మొదలుపెట్టింది. దేవుడి పటం వెనక గూట్లో చిన్న సీసా దొరికింది. కంట్లో వేసుకునే చుక్కల మందు. సగం పైగా ఉంది. పక్కనే శిబిరంలో ఇచ్చిన నల్లకళ్లద్దాలు.

ఆస్మా ఆ రెండూ పట్టుకొచ్చి జక్కయ్య ముందు పెట్టింది. "ఎండలో బస్సెక్కించానన్నారు. కళ్లద్దాలు లేకుండానా?"

అతను మర్చిపోయి ఉంటుందన్నాడు. ఏ రోజని మళ్లీ అడిగింది. సోమవారమే అన్నాడు.

అప్పటిదాకా గుమ్మంలో సిగరెట్ కాలుస్తున్న అబ్రహాము వెనక్కి తిరిగాడు. "సోమవారం ఏంటి? నేను శనివారం వచ్చి ఫొటోలు తీసుకున్నాను. అప్పటికే ఇల్లు ఖాళీ. మగ్గం కూడా లేదు."

 తప్పు మాట అన్నానేమోనని అబ్రహాము ఒక్క క్షణం ఆగాడు. కానీ అతను అబద్ధాలు రాసే మనిషి కాదు, తొందరపడే మనిషి. "శనివారమే మేడమ్. కావాలంటే రీలు కడిగిస్తాను."

"తలుపు ఎవరు తీశారు?" ఆస్మా గొంతు చాలా మెత్తగా ఉంది.

"ఈయన కాదు." అబ్రహాము నా వైపు చూశాడు. అతని కళ్లలో వెటకారం లేదు, అందుకే నాకు భయమేసింది. "మీ పార్టీయే కదా మేడమ్, మీకు చెప్పలేదా? ఈవిడ గారి అబ్బాయే వచ్చి తీశాడు. వెళ్లేటప్పుడు ఆ ఎర్రచుక్క తాళం తన జేబులోంచే తీసి వేశాడు."

ఆస్మా నా వైపు తిరిగింది. తిట్టలేదు. ఎప్పటినుంచి తెలుసని మాత్రం అడిగింది.

"ఆటో దిగినప్పటి నుంచి" అన్నాను. నడుముకున్న గుత్తిలోంచి నా దగ్గరున్న చెవి తీసి ఆమె చేతిలో పెట్టాను. చెవి అంత బరువుంటుందని నాకు అంతకుముందు తెలియదు.

జక్కయ్య ఇసుక కుప్ప మీద కూర్చుండిపోయాడు. అప్పుడు చెప్పాడు మొత్తం. సంపూర్ణమ్మ కన్ను నయమయ్యేదాకా కదలనంది. అతను శంకర్‌తో ఆ మాట అన్నాడు. శంకర్ తను చూసుకుంటానన్నాడు. శుక్రవారం పొద్దున ఆటో తెచ్చి, ఇంటికి రిపేర్లు చేయిస్తున్నాం, వారం రోజులు మా దగ్గర ఉందురుగాని అని చెప్పి చెయ్యి పట్టుకుని ఎక్కించాడు. ఆమె ఆశీర్వదించి మరీ ఎక్కిందట. రిజిస్ట్రేషన్ అయ్యేదాకా అక్కడే ఉంచుతానన్నాడు.

"ఎక్కడ?"

"నేనడగలేదండీ. వారమే కదా అనుకున్నాను." అతను నా కాళ్ల దగ్గర నేల చూస్తూ అన్నాడు. "మీ అబ్బాయి చెడ్డవాడు కాదు చెల్లెమ్మా. మా అమ్మకి నిద్ర పట్టడం లేదండీ, ఈ ఇల్లు పోతే ఆవిడ బతకదు అన్నాడు. అంతే అన్నాడు."

ప్రతి పూటా వాడి కంచంలో అన్నంతో పాటు నేను వడ్డించింది అదే. వాడు అది తిని, అరిగించుకుని, నాకోసం చేశాడు.

ఆస్మా మందు సీసా వెలుతురులోకి పట్టుకుని పైన అంటించిన కాగితం చదువుతోంది. రోజూ వేయాల్సిన మందు, మానేస్తే కన్ను పోవచ్చు, చీము పడితే ప్రాణానికే ముప్పు అంది. "మా అమ్మకి కూడా ఈ ఆపరేషనే అయింది. తల కదలకూడదన్నారు. దవడలు కదిలితే కంటికి మంచిది కాదని నమిలే తిండి కూడా పెట్టనివ్వలేదు. నెల దాకా అన్నం జావలాగా, పప్పు..."

ఆమె ఆగిపోయింది. నేను ఆటోలో చెప్పిన మాటలు ఆమెకి అప్పుడే గుర్తొచ్చాయి. నాకూ అప్పుడే.

మూటలు మోసేవాడికి కడుపులో పుండు లేదు. శుక్రవారం నుంచి నా చేత్తో మెత్తగా కలిపి, చల్లారిందో లేదో వేలితో చూసి కట్టిన క్యారియర్ వెళ్లింది ఆమెకి. గోడౌను మీద రేకుల గది ఉంది. పనికిరాని మూటలు పడేస్తాం. కిటికీ లేదు. ఈ మే నెల ఎండకి మధ్యాహ్నం పిల్లి కూడా అందులోకి పోదు. కొత్త తాళం కొన్నది కింద తలుపుకే అనుకున్నాను.

చెప్తే వాడిని పోలీసులు పట్టుకుంటారు. నా ఒక్కగానొక్క కొడుకు. చెప్పకపోతే ఆమె. పుట్టిన దగ్గర్నుంచీ వాడికి జ్వరం వస్తుందేమో, లారీ గుద్దుతుందేమో, కాలవలో పడతాడేమో అని భయపడ్డాను. వాడి వల్ల ఇంకొకరికి ఏమవుతుందోనని ఒక్కసారి కూడా భయపడలేదు.

"వన్ టౌన్‌లో మా గోడౌను, పైగది" అన్నాను. "కొత్త తాళం. దాని చెవి నా దగ్గర లేదు."

అబ్రహాము సిగరెట్ పారేశాడు. గడ్డపార అందుకుని స్కూటర్ వైపు పరిగెత్తాడు. ఆస్మా మందు సీసా జాకెట్లో దోపుకుని అతని వెనక ఎక్కబోతూ నా మొహం చూసి ఆగింది.

"ఆవిడ బాగానే ఉంటుంది పిన్నిగారూ. రోజూ తిండి పెడుతున్నాడంటే చంపే ఉద్దేశం లేదు. మీ చేతి అన్నమే తింటోంది."

స్కూటర్ స్టార్టయింది. ఆ చప్పుడులో నా గొంతు నాకే వినపడలేదు. దగ్గరికి వెళ్లి ఆమె చెయ్యి పట్టుకుని మళ్లీ చెప్పాను.

"నిన్నటి క్యారియర్ మూత తీయకుండానే తిరిగొచ్చిందమ్మా. ఇవాళ పొద్దున కట్టబోతుంటే, ఇంక అక్కర్లేదులే అన్నాడు."